వెనక వరసలో ముఖం

పుల్లకు చుట్టిన దూదిని నీళ్లలో ముంచి, గిన్నె అంచుకు ఒకసారి ఒత్తి, నీలం అద్దపు ముక్క మీద మెల్లగా దొర్లించింది చెల్లెమ్మ. రుద్దకూడదు, దొర్లించాలి. రుద్దితే మసితోపాటు ఎవరో ఎప్పుడో వేసిన గీత కూడా లేచిపోతుంది. దూది నల్లబడగానే పీకి రేకుడబ్బాలో పడేసి కొత్తది చుట్టుకుంది. చుట్టడం వేళ్ల పని, కళ్లకు దానితో నిమిత్తం లేదు. కళ్లు అద్దం మీదే ఉన్నాయి. కొవ్వొత్తుల పొగ, వీధి దుమ్ము, సాలీళ్ల గూళ్లు, ఆ ముక్క ఉన్న చర్చి కిటికీ కింద కూర్చుని పాడినవాళ్ల ఊపిరి, అన్నీ కలిసి జిడ్డులా పేరుకుపోయిన పొర కింద నుంచి సరస్సు నీళ్లు కొద్దికొద్దిగా బయటికి వస్తున్నాయి.

ఆమె పనిచేస్తున్న గది చర్చి వెనక గోడను ఆనుకుని ఉంది. ఒకప్పుడు విరిగిన బల్లలు, చిరిగిన తివాచీలు పడేసుకునేవాళ్లు అందులో. వడగళ్ల వానకు తూర్పు కిటికీ సగం కూలిపోయాక, దాన్ని బాగుచెయ్యడానికి వచ్చిన అన్నాచెల్లెళ్లకు ఫాదర్ గారు ఆ గది ఇచ్చారు. ఇప్పుడు అందులో పొడవాటి పనిబల్ల, బల్ల మీద వరసగా పరిచిన అద్దపు ముక్కలు, గోడకు చుట్టలు చుట్టి తగిలించిన సీసపు పట్టీలు, మూలన భోషాణమంత కరెంటు బట్టీ ఉన్నాయి. ఎదురుగోడ నిండా కాగితాలు. కిటికీ విప్పకముందే దాని మీద కాగితం పరిచి, మైనం రుద్ది తీసుకున్న అచ్చులవి. ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉండాలో ఆ అచ్చులే చెబుతాయి. సరస్సు గట్టున జనానికి రొట్టెలు పంచుతున్న దృశ్యం ఆ కిటికీ.

ఆమె అందరికీ చెల్లెమ్మే. నిజానికి చెల్లెలైంది ఒక్కడికి. ఆ ఒక్కడి నోటి నుంచి ఆ మాట పాకి పాకి కూలీలకు, ఇనుప కడ్డీలు చేసిచ్చే కమ్మరికి, చివరికి ఆమె ముందు కుర్రవాడిలా కనిపించే ఫాదర్ గారికి కూడా అంటుకుంది. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కొక్కరే పోయారు. చర్చి గంట కొట్టే ఆయన మాత్రం, "అరవై దాటిన చెల్లెమ్మ ఎక్కడైనా ఉంటుందా? న్యాయంగా అమ్మమ్మా అనాలి" అని ఏడిపిస్తూ ఉంటాడు. "నీకు పళ్లూడాక అందువుగాని" అంటుంది ఆమె, తల ఎత్తకుండానే.

రంగుటద్దాల పని వాళ్ల నాన్నది. తల్లి చిన్నప్పుడే పోతే, ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని ఏ ఊళ్లో చర్చికి కిటికీ పగిలితే ఆ ఊరు వెళ్లేవాడు. పని పంచిందీ ఆయనే. కొడుక్కి కుంచె, కూతురికి దూది. అందులో ఎవరి మీదా ఎవరికీ పక్షపాతం లేదు. పిల్లవాడు కుదురుగా గీస్తాడు, పిల్ల చెయ్యి మెత్తన, అంతే ఆయన లెక్క. ఆ లెక్కే జీవితమంతా నడిచింది. పాత అద్దం కడగడం, సీసపు పట్టీలు సాగదీయడం, ముక్కల మధ్య అవి బిగించి అతకడం, అంచుల్లో సిమెంటు అని పిలుచుకునే నూనెముద్ద కూరి సుద్దపొడితో తుడవడం చెల్లెమ్మ పని. ముఖాలు, చేతులు, బట్టల మడతలు, గొర్రెపిల్లల ఉన్ని అన్నయ్య పని.

పెళ్లి కూడా ఒకటి దాదాపు జరిగింది. గడియారాలు బాగుచేసే అతను. మంచివాడు, నవ్విస్తాడు. మాటలు అయ్యాయి, ఉంగరం కొలత తీసుకున్నారు. అప్పుడే ఒక పెద్ద కిటికీ పని వచ్చింది. "ఈ కిటికీ అయ్యాక పెట్టుకుందాం" అన్నాడు నాన్న. ఆ కిటికీ అయింది. ఈలోగా ఇంకోటి వచ్చింది. గడియారాలతను ఓపిగ్గానే చూశాడు. "మీ కిటికీలకు గడియారం లేదా?" అని ఒకసారి ఆమెనే అడిగాడు. ఆమె నవ్వేసి ఊరుకుంది. ఆ తర్వాత అతని పెళ్లి ఇంకెవరితోనో అయింది. తండ్రీ కొడుకూ కూతురూ ముగ్గురూ వెళ్లి భోంచేసి వచ్చారు కూడా. ఆ రోజు ఆమె బాగానే తింది. ఏడుపు చాలా ఏళ్ల తర్వాత వచ్చింది, ఒక ఊళ్లో బస్టాండు గడియారం ఆగిపోయి ఉండటం చూసినప్పుడు. ఎందుకు ఏడుస్తోందో తనకే తెలియలేదు.

ఆ నీలం ముక్క కడుగుతున్న రోజు అన్నయ్య ఆలస్యంగా వచ్చాడు. శుభ్రమైన చొక్కా, నున్నగా గీసిన గడ్డం. గీసింది వదినే అయి ఉంటుంది. ఒక్క గాటూ లేదు. కుడిచెయ్యి జేబులో ఉంది. ఈ మధ్య ఎప్పుడూ అది అక్కడే ఉంటుంది. బయటికి తీస్తే గాలికి ఆకు ఊగినట్టు ఊగుతుంది. మొదట్లో చలి అన్నాడు, తర్వాత వయసు అన్నాడు. పెద్ద డాక్టరు మాత్రం నరాల జబ్బు అన్నాడు. సాయంత్రం అల్లుడు కారు తెస్తున్నాడు. అన్నయ్యనీ వదిననీ పెద్దమ్మాయి ఉండే ఊరికి తీసుకుపోతాడు. అక్కడ ఆసుపత్రి ఉంది. అక్కణ్ణుంచి మళ్లీ పనిలోకి రావడం ఉండదని ఇద్దరికీ తెలుసు. తెలిసిన విషయం కాబట్టే ఎవరూ ఎత్తడం లేదు.

ఆయన వెనకే ఫాదర్ గారు, గంటాయన వచ్చారు. కిటికీ కింది సగం పూర్తయి చర్చిలో చెక్కల చాటున ఉంది. బల్ల మీదున్న పై సగంలో ఒక్క చోట గుడ్డుకంటే కాస్త పెద్ద ఖాళీ మిగిలింది.

"ఇంకా ఎంత ఉంది పెద్దాయనా?" అన్నారు ఫాదర్ గారు.

"ఒక్క ముఖం."

అది వెనక వరసలో, చేతిలో ఖాళీ బుట్టతో నిలబడిన ఒక ఆడమనిషి ముఖం. వడగళ్లకు పిండిపిండి అయిపోయింది. మైనం అచ్చులో దాని చుట్టుగీత తప్ప మరేం లేదు. అది ఎలా ఉండేదో ఎవరికీ గుర్తులేదు. అందరూ చూసేది ముందున్నవాళ్లనే కదా. ఊరంతా వెదికితే దొరికింది గంటాయన పెళ్లి ఫోటో. అందులో పెళ్లికూతురి తలకు పక్కగా, దూరంగా ఆ కిటికీ, అందులో కందిగింజంత ఆ ముఖం. భూతద్దం పెట్టి చూస్తే మసక పెద్దదైంది తప్ప ముఖం కనిపించలేదు.

"ఇన్నేళ్లూ ఆవిడ దాకా రొట్టె వచ్చింది కాదు పాపం" అన్నాడు గంటాయన బల్ల మీద ఖాళీ వైపు చూస్తూ. "విసుగెత్తి వెళ్లిపోయినట్టుంది."

అన్నయ్య నవ్వాడు. మిగతా ముఖాలన్నీ వణుకు ముదరకముందే వేసేశాడు. ఇది మాత్రం, "వెనక వరసే కదా, తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టాడు. ఆ తర్వాత అనేది చివరికి ఈ రోజు దాకా వచ్చింది.

వాళ్లిద్దరూ వెళ్లాక అన్నయ్య కాసేపు బల్ల దగ్గర నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఆ దూది పక్కన పెట్టి ఇలా రా."

"ఈ ముక్క కానీ."

"ఇప్పుడే రా. నాకు టైం లేదు."

ఆమె చేతులు తుడుచుకుని వచ్చింది.

"ఆ ముఖం నువ్వెయ్యి" అన్నాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. "రంగు నూరనా?" అంది.

"నూరు. నూరి నువ్వే వెయ్యి."

"నేనా? నాకెక్కడ చేతనవుతుంది?"

"ఇన్నేళ్లు పక్కనే ఉండి చూశావుగా."

"చూస్తే వచ్చేస్తుందా? గంటాయన పుట్టినప్పట్నుంచీ ప్రసంగాలు వింటున్నాడు. వెళ్లి ఒకటి చెప్పమను, చూద్దాం."

అన్నయ్య నవ్వలేదు. జేబులోంచి కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. అది చెక్కమీద టకటకమంటోంది. ఇద్దరూ దాన్ని చూశారు. ఆయన దాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకెవర్ని పిలవను?" అన్నాడు.

ఆమె రంగు నూరింది. నల్లటి మెత్తని పొడి, జిగురునీళ్లు, ఒక చుక్క వెనిగర్. గాజుపలక మీద రాతిబిళ్లతో గుండ్రంగా తిప్పుతూ, మీగడలా అయ్యేదాకా. ఆ పని వేలసార్లు చేసింది, పక్కవాడి కుంచె కోసం. నూరడం అయ్యాక అలవాటు కొద్దీ పలకను అన్నయ్య వైపు జరిపింది. ఆయన వెనక్కి జరిపాడు.

మసక తెలుపు అద్దం, వెనక దీపం. ఆమె కుంచె పట్టుకుంది. అది పొడుగాటి వెంట్రుకల కుంచె, నీళ్లలో చేపలా జారిపోయేది. మొదటి గీత కనుబొమ్మ దగ్గర మొదలై మధ్యలో ఆగిపోయింది.

"ఊపిరి బిగబట్టకు" అన్నాడు అన్నయ్య. "బిగబడితే గీత కూడా బిగుసుకుంటుంది."

ఆమె తుడిచేసింది. బట్టీలో కాలనంతవరకూ ఆ రంగుకు ప్రాణం లేదు. తడిగుడ్డ చాలు, వేలు చాలు, లేచిపోతుంది. రెండోసారి కనుబొమ్మ వచ్చింది, ముక్కు ఎక్కడికో పోయింది. మళ్లీ తుడిచింది. ఆమె చేతికి తెలిసింది ఒక్కటే విద్య, అద్దాన్ని నొప్పించకుండా ఉండటం. ఏళ్ల తరబడి ఏదీ చెరపకుండా, ఏదీ గీయకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు బయటికి తీసిన చెయ్యి అది. ఇప్పుడు ఏమీ లేనిచోట ధైర్యంగా ఒక గీత పెట్టమంటే దానికి తోచడం లేదు. ఎక్కడ ముక్కు ఉండాలో ఆమెకు తెలుసు. పెదవి చివర ఎంత నలుపు వదలాలో తెలుసు. తెలిసినదంతా మోచేయి దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది.

అన్నయ్య పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మధ్యమధ్య ఒక మాట. "గడ్డం కింద ఎక్కువ పెట్టావు." "తియ్యి." "ఆరనీ." "ఇప్పుడు గట్టి కుంచెతో నుదుటి మీద రంగు లేపి వెలుగు తియ్యి." ఆయన మాట్లాడుతుంటే జేబులో చెయ్యి కదులుతూనే ఉంది. అది వణుకో, ఆమెతోపాటు గీస్తోందో చెప్పడం కష్టం.

ఎండ బల్ల దాటి గోడ మీదికి వెళ్లేసరికి ముఖం ఒకటి వచ్చింది. ఇద్దరూ ఆగి చూశారు. దూరంగా గంటాయన చీపురుతో చర్చి వాకిలి ఊడుస్తున్న చప్పుడు.

"బాగుంది" అన్నాడు అన్నయ్య.

"అబద్ధాలు నీకు అతకవు."

ఆయన కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. "ముక్కు కాస్త పక్కకు పోయింది. చెంప దగ్గర గీత వణికింది. కళ్లు మాత్రం..." అని ఆగాడు. "కళ్లు బాగొచ్చాయి."

ఆ మాట ఆమె ఇంతకుముందు విని ఉంది. అదే గొంతు, అదే మాట.

"ఆ ముఖం కంటే నయమా?" అంది.

"ఏ ముఖం?"

ఆమె కుంచె నీళ్లలో పెట్టింది. ఆ ముఖం గురించి ఆమె ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. పదహారో పదిహేడో ఏడు. నది ఒడ్డున ఒక చర్చిలో పని. మధ్యాహ్నం నాన్నా అన్నయ్యా కిటికీ దగ్గరుంటే, మిగిలిపోయిన రంగుతో పనికిరాని అద్దపు ముక్క మీద ఆమె ఒక ముఖం వేసింది. వీధి కుళాయి దగ్గర తన వంతు కోసం నిలబడే ఒకావిడ ముఖం. ఎవరూ నేర్పలేదు, ఎవరూ చూడలేదు. గీత ఎక్కడా ఆగలేదు. నాన్న వచ్చి వెలుగుకు ఎత్తి పట్టుకుని చూసి, "బాగుందే" అన్నాడు. అన్నయ్యను పిలిచాడు. "కళ్లు బాగొచ్చాయి" అన్నాడు అన్నయ్య. ఆ సాయంత్రం కొత్తగా కలిపిన రంగు చిక్కదనం చూడటానికి అన్నయ్యకు ఒక అద్దం ముక్క కావలసి వచ్చింది. చేతికి అదే దొరికింది. బొటనవేలితో ఒక్క తుడుపు తుడిచి, దాని మీద అడ్డంగా ఒక గీత గీసి చూసుకున్నాడు. ఆ బొటనవేలి నలుపు ఆమెకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇదంతా ఆమె చెప్పింది. పెద్ద కథలా కాదు, నాలుగు ముక్కల్లో.

అన్నయ్య నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. నుదురు ముడిచాడు, కళ్లు మూసుకున్నాడు. "నది ఒడ్డు చర్చి... పావురాలు ఎక్కువుండేవి, అదేనా? అక్కడ నాన్నకు మెట్ల మీద కాలు బెణికింది. అది గుర్తుంది. ముఖం..." తల అడ్డంగా ఊపాడు. "లేదే. గుర్తులేదు చెల్లెమ్మా."

"నువ్వే తుడిచావు."

"తుడిచుంటాన్లే. ఎన్ని తుడిచాను!"

చీపురు చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

"అప్పుడే అనొచ్చుగా?" అన్నాడు ఆయన.

"ఏమని?"

"నేనూ వేస్తానని."

"నువ్వు వెయ్యమనొచ్చుగా?"

అన్నయ్య ఆమె వైపు చూశాడు. ఆ చూపులో తప్పించుకోవడం లేదు. "నాకు తట్టలేదే" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆమె ఈ జవాబు ఊహించలేదు. అసూయతో తుడిచాడనుకుంది ఒకప్పుడు. ఆ ముఖం తనకంటే బాగా వచ్చిందని కడుపుమండి తుడిచాడని. కొన్ని ఏళ్లు ఆ అనుమానాన్ని బొడ్లో దాచుకుని తిరిగింది. అది బాధే, కానీ అందులో కాస్త గర్వం కూడా ఉంది. తనకు ఒకనాడు అంత విద్య ఉండేదనడానికి అదే సాక్ష్యం. ఇప్పుడు చూస్తే అసూయా లేదు, పగా లేదు. చేతికి దొరికిన అద్దం ముక్క, అంతే. కోపం పెట్టుకోవడానికి చోటు కూడా లేకుండా పోయింది. అన్నయ్యతో నోరు విప్పి ఒక్క మాట అడగడానికి ఆమెకు కావలసింది ఏముంది? ఆ నది ఒడ్డున రెండడుగులు వేసి, "దాన్ని కూడా బట్టీలో పెట్టు" అంటే సరిపోయేది. పెట్టేవాడే. ఆయన ఎప్పుడు కాదన్నాడు గనక?

ఆమె బొటనవేలు అద్దం మీదికి వెళ్లింది.

"వద్దు" అన్నాడు అన్నయ్య. ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఇంకా గట్టిగానే ఉంది. "బట్టీలో కాలనీ."

"అడ్డదిడ్డంగా ఉంది అన్నయ్యా. జీవితాంతం అందరూ చూస్తారు."

"వెనక వరస. ఎవరు చూస్తారు?"

ఆయనే అద్దాన్ని పలక మీద పెట్టించి, బట్టీ తలుపు మూయించి, స్విచ్చి మాత్రం తానే వేశాడు. వేలు స్విచ్చికి తగలడానికి కాస్త సమయం పట్టింది. ఆమె సాయం చెయ్యలేదు. చెయ్యకూడదని తెలుసు.

కారు అనుకున్న వేళ కంటే ముందే వచ్చింది. వదిన దిగి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. ఆవిడకు ఈ సిమెంటు వాసన మొదట్నుంచీ పడదు.

"అమ్మాయ్, నువ్వూ వచ్చెయ్యరాదూ? మాతోపాటే ఉందువు. అక్కడ గది ఖాళీగానే ఉంది."

"వస్తాను వదినా. ఈ కిటికీ అయ్యాక."

"ఈ మాట వినీ వినీ నా తల పండింది" అంది వదిన. "మా పెళ్లి కిటికీ అయ్యాకే అయింది. పెద్దది పుడితే చూడ్డానికి మీ అన్నయ్య కిటికీ అయ్యాకే వచ్చాడు. అప్పటికి అది బోర్లా పడుతోంది." మాట గట్టిగానే ఉంది గానీ, ఆవిడ కళ్లు గదంతా ఒకసారి తిరిగి వచ్చాయి. భర్త వయసంతా గడిచిన ఇలాంటి గదుల్లోకి ఆవిడ అడుగుపెట్టింది తక్కువ.

సీసం దుమ్ము ఇంటికి మోసుకుపోకూడదన్నది నాన్న పెట్టిన నియమం, అందుకే పనిబూట్లు పనిగదిలోనే వదిలేవాళ్లు. అన్నయ్య స్టూలు మీద కూర్చుని ప్రయాణపు బూట్లలో కాళ్లు దూర్చాడు. లేసుల దగ్గర చెయ్యి తడబడింది. చెల్లెమ్మ మోకాళ్ల మీద కూర్చుని కట్టింది.

"పైన కడ్డీ దగ్గర సిమెంటు బాగా కూరు" అన్నాడు ఆయన ఆమె తల మీదుగా. "వాననీళ్లు అక్కడే దిగుతాయి."

"కూరతాలే."

"కడ్డీలకు కట్టే రాగితీగలు మరీ బిగించకు."

"నాకు తెలీదా?"

"తెలుసు" అన్నాడు. "నీకు అన్నీ తెలుసు."

కారు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి ఆయన చెయ్యి బయటికి వచ్చింది. ఊపాడో, అదే ఊగిందో. ఆమె కూడా చెయ్యెత్తింది. వేళ్లకు నల్లరంగు అలాగే ఉంది.

మర్నాడు బట్టీ తెరిస్తే ముఖం అద్దంలో ఇంకిపోయి ఉంది. ఇక ఏ బొటనవేలికీ రాదు. దాన్ని ఖాళీలో అమర్చి, చుట్టూ సీసం బిగించి అతికింది. పై సగాన్ని కూలీలతో కిటికీకి ఎక్కించింది. ఫోను చేసినప్పుడల్లా వదిన, "నిన్ను అడుగుతున్నాడమ్మాయ్" అనేది. "అయిపోవచ్చింది వదినా" అనేది ఈమె. అబద్ధం కూడా కాదు, అయిపోవచ్చింది.

ఆమె పరంజా మీద నిలబడి అంచుల్లో సిమెంటు కూరుతున్న రోజున గంటాయన మెట్లెక్కి వచ్చాడు. ఎప్పుడూ కిందనుంచే కేకేసి మాట్లాడే మనిషి. పైకొచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆమెకు తెలిసిపోయింది.

"నిద్రలోనేనట" అన్నాడు చివరికి. "ఇబ్బంది పడలేదట."

ఆమె తల ఊపింది. అద్దం మీద సిమెంటు పచ్చిగా ఉంది. వదిలేస్తే గట్టిపడి, గీతల మీద పట్టేసి, రేపు గీకితే రంగు లేచొస్తుంది. అందుకని కిటికీ అంతా సుద్దపొడి చల్లి, బ్రష్షుతో దులిపి, మూలమూలలా తుడిచాకే కిందికి దిగింది. గంటాయన పరంజా మీదే ఉండి పొడి డబ్బా అందిస్తూ వచ్చాడు. ఒక్క జోకు వెయ్యలేదు. ఆమె ఆ ఊరు చేరేసరికి అన్నయ్యను సాగనంపడం అయిపోయింది. కొత్త మట్టి దగ్గర నిలబడితే, చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క వార్తే ఉంది. "కిటికీ అయింది అన్నయ్యా" అంది.

కిటికీని ప్రారంభించిన ఆదివారం చర్చి నిండిపోయింది. ఎండ పడగానే సరస్సు నీలం మొత్తం నేల మీద పరుచుకుంది. ఫాదర్ గారు ప్రసంగం చివర్లో వెనక వరస వైపు చెయ్యి చూపించారు.

"ఆ బుట్ట పట్టుకున్న ఆవిణ్ణి చూడండి. మన పెద్దాయన వేసిన ఆఖరి ముఖం. చెయ్యి వణుకుతున్నా కుంచె వదల్లేదు. ఆ గీతల్లో మీకు ఆ వణుకు కనిపిస్తుంది."

అందరూ తలలెత్తారు. ఇన్నేళ్లలో ఆ ముఖాన్ని అంతమంది చూడటం అదే మొదలు. "పాపం, ఎంత కష్టపడ్డాడో" అంది ఒకావిడ కళ్లొత్తుకుంటూ. "ముక్కు చూడు, ఎలా వంకరపోయిందో. చెయ్యి నిలబడలేదు."

చెల్లెమ్మకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ఆయన చెయ్యి వణికినప్పుడు ఆయన ఏదీ గీయలేదు. పాడైన గీత ఒక్కటీ ఈ లోకంలో వదల్లేదు. అలాంటిది ఇప్పుడు తన వంకరగీత ఆయన పేరు మీద గోడెక్కి కూర్చుంది. జనం వెళ్లిపోయేదాకా ఆగి, ఫాదర్ గారి దగ్గరికి వెళ్లింది.

"ఫాదర్ గారూ, ఆ ముఖం అన్నయ్య వెయ్యలేదండీ. నేను వేశాను."

ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. నిజంగా మంచి మనిషి. "చెల్లెమ్మా, మీ మనసు నాకు తెలుసు. ఆయన పనిలో లోపం ఎవరూ ఎంచకూడదని మీకుంటుంది. కానీ ఎవరూ తప్పుగా అనుకోవడం లేదు. ఆ వణుకు చూసే కదా అందరికీ కళ్లు చెమర్చాయి?"

"అది కాదండీ..."

"ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి. చాలా అలిసిపోయారు."

ఆమె ఇంకొక మాట అనవలసింది. బట్టీ సంగతి, స్విచ్చి సంగతి, ఆ మధ్యాహ్నం సంగతి అంతా చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది. ఎవరో పెళ్లి విషయం మాట్లాడటానికి ఫాదర్ గారి కోసం వెనక ఎదురుచూస్తున్నారు. ఆమె పక్కకు తప్పుకుంది.

గది ఖాళీ చెయ్యడానికి సాయంత్రం వచ్చింది. సీసపు చుట్టలు దించింది. గోడ మీది కాగితాలు ఒక్కొక్కటే విప్పి చుట్టింది. గిన్నెలు కడిగి బోర్లించింది. చివర్లో తలుపు వెనక ఊడుద్దామని తలుపు ముందుకు లాగితే, గోడవార అన్నయ్య పనిబూట్లు కనిపించాయి. పక్కపక్కనే, మడమలు గోడకు ఆనించి. తోలు పగుళ్ల నిండా సుద్దపొడి. ఒకటి ఎత్తి తిరగేసింది. అరిగిన అడుగున గుచ్చుకుని చిన్నచిన్న అద్దపు రవ్వలు, నీలానివి, ఎరుపువి, ఏ ఊరిదో తెలియని ఆకుపచ్చది ఒకటి. లేసులు విప్పి లేవు. ఆ చేతితో విప్పి కట్టుకోలేక, కొంతకాలంగా కాళ్లు అలాగే దూర్చి, అలాగే లాగేసుకుంటున్నట్టున్నాడు. వణుకు రాకముందెప్పుడో ఆయన వేసుకున్న ముడులు రెండూ ఇంకా బిగువుగానే ఉన్నాయి.